వాల్వు స్ప్రింగు: కొంత చరిత్ర, ఒక సవరణ



ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు మూడు నెలలుగా అడుగుతున్నారు. మన సంస్థ పుట్టుక గురించి, యూనియన్ పోరాటాల గురించి, పెన్షన్ సాధన గురించి నాకంటే బాగా రాయగల పెద్దలు మనలో ఉన్నారు. నేను ఉద్యోగ జీవితమంతా వర్క్‌షాపు ఇంజన్ల విభాగంలో గడిపిన వాణ్ణి. నాకు తెలిసింది ఇంజను. అందులోనూ ఒక చిన్న వస్తువు గురించి రాస్తాను. అది వాల్వు స్ప్రింగు. గుప్పిట్లో పట్టే తీగచుట్టకు చరిత్రేమిటని నవ్వకండి. దాని వెనుక మూడు వందల ఏళ్ళకు పైబడిన శాస్త్రం ఉంది. నా మట్టుకు నాకు ఒక తీరని బాకీ కూడా ఉంది. అది చివర చెబుతాను.

తెరిచేవాడొకడు, మూసేవాడొకడు

ఇంటి దగ్గర చదివే ఆడవారికి, పిల్లలకు కూడా అర్థం కావాలి కనుక మొదటి నుంచి చెబుతాను. ఇంజను సిలిండరుకు రెండు తలుపులుంటాయి. ఒకటి గాలి లోపలికి రావడానికి, రెండోది పొగ బయటికి పోవడానికి. వీటినే వాల్వులు అంటాం. తలుపును తెరిచేది క్యామ్ షాఫ్టు. అది పుష్ రాడ్‌ను పైకి తోస్తే, పుష్ రాడ్ రాకర్‌ను ఎత్తితే, రాకర్ వాల్వును కిందికి నొక్కుతుంది. ఇంతవరకూ అంతా ఇనుము ఇనుమును తోయడమే. మూయడానికి మాత్రం తోసేవాడెవడూ లేడు. ఆ పని స్ప్రింగుది. పాత ఆఫీసుల్లో సగం తలుపులు మనం వదలగానే వాటంతటవి మూసుకునేవి, గుర్తుందా? అదే పద్ధతి.

అయితే ఆఫీసు తలుపు రోజుకు రెండు మూడు వందలసార్లు మూసుకుంటుందేమో. ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరిగితే ఒక్కొక్క వాల్వు నిమిషానికి 1000 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. గంటకు 60,000 సార్లు. లారీ గంటకు 40 కిలోమీటర్ల సగటున లక్ష కిలోమీటర్లు తిరిగిందంటే 2500 గంటలు నడిచినట్టు. అంటే ఆ స్ప్రింగు 15 కోట్లసార్లు నలిగి మళ్ళీ లేచి నిలబడాలి. ఒక్కసారి ఆలస్యం చేసినా పైకి వచ్చే పిస్టన్ వెళ్ళి వాల్వుకు తగలవచ్చు. ఇంజనులో పేరంతా పంపుది, పిస్టన్‌ది, ఈ మధ్య టర్బోది. స్ప్రింగు పేరు అది విరిగిన రోజునే వినబడుతుంది.

నిదానంగా తిరిగిన రోజులు

స్ప్రింగును ఎంత నొక్కితే అంత ఎదురు బలం ఇస్తుందన్న సూత్రాన్ని ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1678లో వివరంగా ప్రచురించాడు. మన వర్క్‌షాపు స్ప్రింగు టెస్టరు ఇప్పటికీ పనిచేసేది ఆ సూత్రం మీదనే. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో పరీక్షకు నిలిపిన ఇంజను నిమిషానికి 150 చుట్లకు కాస్త పైన మాత్రమే తిరిగేది. ఆ నిదానంలో స్ప్రింగుకు పెద్ద శ్రమ లేదు. 1920లలో డీజిల్ ఇంజను లారీల్లోకి వచ్చాక వేగం పెరిగింది. వేగంతో పాటు స్ప్రింగులు విరగడమూ పెరిగింది.

ఇక్కడ ఒక లెక్క ఉంది. ఇంజను వేగం రెట్టింపైతే వాల్వును వెనక్కి లాగడానికి కావలసిన బలం రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. 2500 చుట్ల నుంచి 3500కు పోతే చూడ్డానికి తేడా 1000 చుట్లే. కావలసిన బలం మాత్రం దాదాపు రెండింతలు. ఆ బలం స్ప్రింగులో లేకపోతే వాల్వు క్యామ్‌ను అంటిపెట్టుకోకుండా గాలిలో తేలుతుంది. దీన్నే వాల్వు ఫ్లోటింగ్ అంటారు.

బలం చాలకపోవడం ఒక జబ్బయితే, అలసట రెండో జబ్బు. ఒక్కసారి మోపితే విరగని బరువును లక్షలసార్లు మోపితే ఇనుము విరుగుతుందని జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులపై పరీక్షలు చేసి 19వ శతాబ్దం మధ్యలోనే చూపించాడు. అలసట పగులు సాధారణంగా పైపొర మీద మొదలవుతుంది. చిన్న గీత, చిన్న తుప్పు గుంట చాలు. అందుకే అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీకి చెందిన జాన్ ఆల్మెన్ వంటివారు వాల్వు స్ప్రింగు మీదికి సన్నని ఉక్కు గుళ్ళను వేగంగా చిమ్మించే పద్ధతిని అభివృద్ధి చేశారు. లక్షల చిన్న సుత్తులతో కొట్టినట్టుగా పైపొర నొక్కుకుని ఉంటుంది. నొక్కుకుని ఉన్న చోట పగులు తేలిగ్గా తెరుచుకోదు. ఆ గుళ్ళ దెబ్బ తీవ్రతను కొలిచే చిన్న పట్టీని నేటికీ ఆల్మెన్ పేరుతోనే పిలుస్తారు. ఆ తర్వాత క్రోమ్ వెనేడియం, క్రోమ్ సిలికాన్ ఉక్కు తీగలు వచ్చాయి. కొన్ని ఇంజన్లకు ఒక స్ప్రింగు లోపల ఇంకొకటి పెట్టి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు చుట్టడం వచ్చింది. అలా చుడితే ఒకటి విరిగినా ఆ ముక్క రెండోదాని చుట్ల మధ్య ఇరుక్కోదు.

ఘాట్ దిగేటప్పుడు

ఎత్తు ఎక్కడం ఇంజను బలానికి పరీక్ష. దిగడం స్ప్రింగుకు పరీక్ష. కమిన్స్ ఇంజన్ల సంస్థను ప్రారంభించిన క్లెస్సీ కమిన్స్ 1931లో తన డీజిల్ లారీలో అమెరికా ఈ చివరి నుంచి ఆ చివరికి పోతూ, కాలిఫోర్నియాలో కహోన్ పాస్ అనే కనుమ దిగుతుండగా బ్రేకులు కాలిపోయాయి. కింద పట్టాల మీద గూడ్సు బండి పోతున్నది. వెంట్రుకవాసిలో తప్పించుకున్నారు. బండిని ఇంజనుతోనే ఆపే మార్గం ఉండాలన్న పట్టుదల ఆయనకు ఆ అనుభవంతోనే కలిగింది. ఎగ్జాస్టు వాల్వును కంప్రెషన్ చివరలో తెరిచి వేగాన్ని తగ్గించే ఆ ఇంజను బ్రేకు 1961లో జాకబ్స్ కంపెనీ ద్వారా బజారులోకి వచ్చింది.

దానికంటే సులువైనది ఎగ్జాస్టు బ్రేకు. పొగగొట్టంలో ఒక బిళ్ళ అడ్డం పెట్టి పొగను ఆపితే, ఆ ఒత్తిడికి పిస్టన్లు బరువెక్కి బండి నెమ్మదిస్తుంది. కాని ఆగిన పొగ ఊరుకోదు. ఎగ్జాస్టు వాల్వు వీపు మీద నొక్కుతుంది. 40 మిల్లీమీటర్ల వాల్వు అనుకుందాం. దాని వైశాల్యం సుమారు 12.5 చదరపు సెంటీమీటర్లు. పొగ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 4 కిలోలైతే వాల్వును తెరవమని తోసే బలం 50 కిలోలు. ఎదురుగా నిలబడేది స్ప్రింగు ఒక్కటే. స్ప్రింగు ఓడితే మూసి ఉండవలసిన వాల్వు తెరుచుకుంటుంది.

మరొక సంగతి. గవర్నరు ఉంది గదా, ఇంజను హద్దు దాటదని చాలామంది అనుకుంటారు. గవర్నరు ఆయిలును మాత్రమే ఆపగలదు. ఘాట్ దిగేటప్పుడు చక్రాలే ఇంజనును తిప్పుతాయి. అప్పుడు గవర్నరు చేయగలిగిందేమీ లేదు. గేరూ, డ్రైవరు కాలూ, ఆపైన స్ప్రింగు సత్తువ, అంతే.

1986, మన షెడ్డు

ఇప్పుడు మన షెడ్డుకు వస్తాను. 1986లో నేను అసిస్టెంటు ఫోర్‌మన్‌ను. వానాకాలం వెళ్ళాక, సరుకుతో వస్తున్న మన లారీ ఒకటి అరకు నుంచి శృంగవరపుకోట వైపు అనంతగిరి ఘాట్ దిగుతూ మధ్యలో ఆగిపోయింది. టర్బో లేని ఆరు సిలిండర్ల మామూలు ఇంజను. లాక్కొచ్చి హెడ్డు విప్పితే నాలుగో సిలిండరులో ఎగ్జాస్టు వాల్వు తల ఊడి పిస్టన్‌లో దిగబడి ఉంది. పుష్ రాడ్ వంగింది. స్ప్రింగు రెండు ముక్కలు. డ్రైవరు నాకంటే పదేళ్ళు పెద్ద. చేతులు కట్టుకుని నిలబడి, "నాను రెండో గేరులోనే దిగినాను బాబూ. ఇంజను అరవనేదు. టక్కుమని ఒక సప్పుడొచ్చింది, అంతే" అన్నాడు.

నేను రిపోర్టు రాశాను. "డ్రైవరు తగిన గేరు వాడకుండా దించినందువల్ల ఇంజను పరిమితికి మించి తిరిగి, వాల్వు ఫ్లోటింగ్ జరిగి నష్టం వాటిల్లినది." పుస్తకం ప్రకారం తప్పు లేని వాక్యం. అలా జరగవచ్చు కూడా. దాని ఆధారంగా ఆయనకు ఒక ఇంక్రిమెంటు క్యుములేటివ్ ఎఫెక్టుతో ఆపారు. ఆ మాటకు అర్థమేమిటో ఈ పత్రిక చదివే వారికి నేను చెప్పనవసరం లేదు. రిటైరయ్యేదాకా జీతంలో కోత, రిటైరయ్యాక పెన్షన్‌లో కోత, తరువాత ఫ్యామిలీ పెన్షన్‌లో కోత.

రిపోర్టులో నేను రాయనిది ఒకటుంది. ఆ ఇంజను ఆ ఏడే ఓవర్‌హాలింగ్‌కు వచ్చింది. గాస్కెట్లు రాక నెలన్నర విప్పిన ఇంజనులాగే పడి ఉంది. స్ప్రింగులు ఒక ట్రేలో, రేకు షెడ్డు కింద, వానాకాలంలో ఉండిపోయాయి. బిగించే రోజుకు ఎర్రగా తుప్పు పట్టాయి. స్టోర్సులో కొత్తవి లేవు. బండి పంపమని ఒత్తిడి. వైర్ బ్రష్‌తో రుద్ది బిగించెయ్యమని చెప్పింది నేనే. పొడవు కొలిచాను, సరిపోయింది. తుప్పు తీస్తే పోతుంది, గుంట పోదు. ఆ గుంట సంగతి నేను ఆలోచించలేదు.

ఆ సంఘటన తర్వాత విప్పిన స్ప్రింగులను నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టాలని, తుప్పు చుక్క కనబడితే పారెయ్యాలని షెడ్డులో ఒక నియమం పెట్టాను. ఎందుకు పెట్టారని ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు.

టర్బోల కాలం

అప్పటికి మన దేశంలో లారీ అంటే టాటా, లేలాండ్. టాటా వారు జర్మనీ డైమ్లర్ బెంజ్ సహకారంతో జంషెడ్‌పూర్‌లో 1954లో లారీలు మొదలుపెట్టారు. మద్రాసులో 1948లో మొదలైన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. ఆ నాటి ఇంజన్లు ఎక్కువగా టర్బో లేనివి. 1993లో టాటా, కమిన్స్ కలిసి జంషెడ్‌పూర్‌లో టాటా కమిన్స్ అనే సంస్థను ఏర్పాటు చేశాక, 5.9 లీటర్ల బి సిరీస్ టర్బో ఇంజను టాటా లారీల్లోకి వచ్చింది. 102 మిల్లీమీటర్ల బోరు, 120 మిల్లీమీటర్ల స్ట్రోకు, సిలిండరుకు రెండు చొప్పున 12 వాల్వులు. మన షెడ్డుకు అది మొదటిసారి వచ్చిన రోజు అందరం చుట్టూ చేరి చూసిన సంగతి నాటి మిత్రులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది.

ఆ ఇంజను పుట్టిల్లు అమెరికా. కమిన్స్ వారు కేస్ అనే ట్రాక్టర్ల కంపెనీతో కలిసి నార్త్ కరోలినా రాష్ట్రంలో రాకీ మౌంట్ దగ్గర ఫ్యాక్టరీ పెట్టి 1980లలో దాన్ని తయారుచేయసాగారు. 1989 మోడల్ నుంచి డాడ్జ్ వారి పికప్ బండ్లలోకి ఎక్కింది. మొదట 160 హార్స్‌పవర్. 1994 మోడల్‌కు బాష్ వారి ఇన్‌లైన్ పంపు వచ్చింది. 1996కు చేతి గేర్ల బండిలో అదే ఇంజను 215 హార్స్‌పవర్ ఇచ్చింది. 1998లో 24 వాల్వుల ఇంజను వచ్చి దీని స్థానం తీసుకున్నది. అయినా పాత 12 వాల్వుల ఇంజను మీద అక్కడి కుర్రవాళ్ళ మోజు పోలేదు. పంపు విప్పి ఆయిలు పెంచుకోవచ్చు. పంపులోని గవర్నరు స్ప్రింగులు మార్చి 2500 దగ్గర ఆగే ఇంజనును 3000కు, 4000కు తీసుకుపోవచ్చు. ఎవరికి వారు చేసుకోవచ్చు.

నార్త్ కరోలినాలో ఒక శనివారం

మా అబ్బాయి ఉద్యోగరీత్యా నార్త్ కరోలినాలోనే ఉంటాడు. 2012 వేసవిలో మేమిద్దరం వెళ్ళి ఆరు నెలలున్నాం. పక్కింటతను వడ్రంగం పనిచేసేవాడు. వాకిట్లో 1996 నాటి డాడ్జ్ పికప్. ఒక శనివారం పొద్దున్న దాని బానెట్ ఎత్తి ఉంటే నా కాళ్ళు ఆగలేదు. చూస్తే మన ఇంజనే! జంషెడ్‌పూర్ బిడ్డకు అక్కగారు. నాకు ఇంగ్లీషు మాటలు తడుముకోవలసి వచ్చింది గాని, ఇంజను దగ్గర భాషతో పనేముంది. ఒక స్పానరు నా చేతికిచ్చాడు.

అతను చేస్తున్నది స్ప్రింగులు మార్చడం. బరువైన ట్రైలరు లాగుతూ కొండలు దిగాలని ఎగ్జాస్టు బ్రేకు కొనుక్కున్నాడు. పంపులో గవర్నరు స్ప్రింగులూ మార్చబోతున్నాడు. ఆ రెంటికీ ముందు వాల్వు స్ప్రింగులు మార్చాలని అతని నియమం. అరవై పౌండ్ల స్ప్రింగులని అక్కడ పేరు. ఎగ్జాస్టు బ్రేకు ఒత్తిడిని తట్టుకోవడానికి వచ్చిన గట్టి స్ప్రింగులవి. తరువాత వేగం పెంచేవాళ్ళు కూడా వాటినే పట్టుకున్నారు. టర్బో గాలి ఒత్తిడి పెంచినవారికీ అవే దిక్కు. పొగ ఎగ్జాస్టు వాల్వును తోసినట్టే గాలి ఇన్‌లెట్ వాల్వును తోస్తుంది గదా.

హెడ్డు దించనవసరం లేదు. మూతలు, రాకర్లు తీసి, క్రాంకును తిప్పి పిస్టన్‌ను పైకి తెచ్చి ఉంచాలి. అప్పుడు స్ప్రింగు తీసినా వాల్వు లోపలికి జారిపోదు, పిస్టన్ మీద కూర్చుంటుంది. ఆరు సిలిండర్లలో ఒకటీ ఆరూ, రెండూ అయిదూ, మూడూ నాలుగూ జతలుగా పైకి వస్తాయి. కనుక మూడుసార్లు తిప్పితే పని అయిపోతుంది. పరికరంతో స్ప్రింగును నొక్కి, రెండు చిన్న లాకులు తీసి, పాతది తీసి కొత్తది పెట్టి, లాకులు కూర్చోబెట్టాలి. ఆ లాకు సరిగా కూర్చోకపోతే అన్నీ వృథా. చివర ట్యాపెట్ సెట్టింగు, ఇన్‌లెట్‌కు 0.25, ఎగ్జాస్టుకు 0.50 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజి నేనే పట్టాను.

ఇంకా గట్టి స్ప్రింగులు వేయవచ్చు గదా అని అడిగాను. అతను తల అడ్డంగా తిప్పి పుష్ రాడ్ చూపించాడు. అవసరానికి మించి గట్టిది వేస్తే పుష్ రాడ్ వంగుతుంది, క్యామ్, ట్యాపెట్ అరుగుతాయి. ఎంత బలం పెంచావో అంతే పట్టు పెంచాలి. నలభై ఏళ్ళ సర్వీసులో మా మేస్త్రీలు చెప్పిందీ అదే.

కొత్త స్ప్రింగుల పెట్టెలో ఒకదాని మీద చిన్న తుప్పు చుక్క ఉంది. అతను దాన్ని గోటితో గీకి, వెలుతురుకు పట్టి చూసి, మాట్లాడకుండా చెత్తబుట్టలో వేశాడు. ఇంకొకటి తెప్పించేదాకా, వారం రోజులు, బండి విప్పినదిగానే ఉంచాడు. ఆ వారం నాకు సరిగా నిద్ర పట్టలేదు.

సవరణ

అందరు మెకానిక్‌ల లాగే నాకూ విరిగిన ముక్కలు దాచుకునే అలవాటు ఉంది. ఇంటికి రాగానే అటకమీది రేకు డబ్బా దింపాను. 1986 నాటి స్ప్రింగు ముక్కలు నూనెగుడ్డలో అలాగే ఉన్నాయి. మనవడి భూతద్దంతో విరిగిన ముఖం చూశాను. ఒక అంచున తుప్పు గుంట. దాని చుట్టూ అర్ధచంద్రం ఆకారంలో నల్లని నున్నని భాగం. మిగిలినదంతా గరుకు. నల్లబడిన భాగం ఎప్పుడో మొదలై రోజురోజుకూ పెరిగిన పగులు. గరుకు భాగం ఆ రోజు ఘాట్‌లో విరిగింది. ఆ స్ప్రింగు ఆ రోజు కాకపోతే ఇంకొక రోజు, ఘాట్‌లో కాకపోతే మైదానంలో, ఏ గేరులోనైనా విరిగేదే. డ్రైవరు చెప్పింది చెప్పినట్టు నిజం.

2013లో ముక్కలు జేబులో వేసుకుని ఆయన ఊరు వెళ్ళాను. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. జరిగింది చెప్పి ముక్కలు చేతిలో పెట్టాను. చాలాసేపు తిప్పి చూసి, "ఇంజనుకి నోరు నేదు బాబూ. నాకుంది గానీ ఎవులు ఇన్నారు?" అన్నాడు. కొంచెం ఆగి, "మరి తరవాత బళ్ళకి కొత్తవేసినారా?" అని అడిగాడు. వేశామన్నాను. "పోన్లే" అన్నాడు. ఇంక ఆ మాట ఎత్తలేదు.

రికార్డు సరిచేయమని నేను అర్జీ పెట్టాను. అంత పాత ఫైలు దొరకలేదని జవాబు వచ్చింది. ఆయన 2019లో కాలం చేశారు. వారి శ్రీమతి ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటున్నారు. నా వాక్యం కారణంగా తగ్గిన పెన్షన్ అది. ఈ సంచిక వారి ఇంటికీ వెళుతుంది.

సొంత లారీలు నడిపే మన పిల్లలకు ఒక మాట. టర్బో ఒత్తిడి పెంచినా, ఎగ్జాస్టు బ్రేకు పెట్టినా, ముందు స్ప్రింగు సంగతి కనుక్కోండి. ఓవర్‌హాలింగ్‌లో స్ప్రింగు పొడవు ఒక్కటే చూసి ఊరుకోకండి. టెస్టరు మీద బలం చూడండి, మట్టం పెట్టి వంకర చూడండి, వెలుతురుకు పట్టి తుప్పు చూడండి. గుంట ఉంటే పారెయ్యండి.

ఫైలు దొరకలేదు కనుక మనకున్న పత్రికలోనే రాస్తున్నాను. 1986 నాటి ఆ రిపోర్టులో "డ్రైవరు తగిన గేరు వాడకుండా" అని ఉన్న చోట "ఫోర్‌మన్ తుప్పు పట్టిన స్ప్రింగు బిగించినందువల్ల" అని చదువుకోవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.